ముడి అక్షరం

“ఈల గారూ, కంగారేం లేదు. నిదానంగా చెప్పండి.”

రికార్డింగ్‌లో ఆ ఆడగొంతు ఎంత ఆప్యాయంగా ఉందంటే, విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో మనిషి ప్రాణం మీదికి వచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేసినవాళ్ళు అరుస్తారు, ఏడుస్తారు, తిడతారు. అంతేగాని ఆపరేటర్‌ని ఓదార్చరు. పైగా పేరు పెట్టి పిలవరు. అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఆ ఆపరేటర్ పేరు వేరు. ‘ఈల’ అన్న పేరు ఈ రెండు గదుల సంఘంలో తప్ప ఇంకెక్కడా లేదు.

రికార్డింగ్ ఆపి ఫోన్ బల్ల మీద పెట్టాను. ఎదురుగా నిదానం సంఘం అధ్యక్షుడు, అందరూ మాస్టారని పిలిచే పెద్దాయన, తల వంచుకుని కూర్చున్నారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనకి నత్తి. సంఘంలో ఉన్నవాళ్ళందరికీ నత్తే, అందుకోసమే పెట్టుకున్న సంఘం.

నత్తి ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన మాట సొంత పేరట. వేరే మాట ఏది అడ్డుపడినా పక్కదారి ఉంటుంది. ‘బండి’ నోరు దాటకపోతే ‘వాహనం’ అనొచ్చు. పేరుకి అలాంటి సౌకర్యం లేదు. అందుకని ఇక్కడ చేరిన రోజునే ప్రతివాళ్ళూ తమకి నోరు తిరిగే పేరొకటి ఎంచుకుంటారు. ఇంటిపేరు ఉన్నట్టే ఇది నోటిపేరు. ఒకాయన సబ్బు, ఒకావిడ అల, నా క్లయింట్ ఈల. సభ్యుల జాబితాలో ఆ పేరు పక్కన చేసే ఉద్యోగం, ఆ పక్కన మనిషిని ఇరికించే అక్షరం. దాన్ని ముడి అక్షరం అంటారు. ఈలకి అది ‘బ’.

రికార్డింగ్‌లో ఆ గొంతు ఇచ్చిన అడ్రసు, ఊళ్ళో ఎక్కడా లేని అడ్రసు, వినండి: బావి బజారు, బంగళా వెనక, బియ్యం బడ్డీ పక్క, బేస్‌మెంట్.

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ అడ్రసు మొత్తం తిరిగి చెప్పాలి, అవతలివాళ్ళు ఔననాలి, అప్పుడే అంబులెన్స్ కదులుతుంది. ఒకటీ అరా ‘బ’ వస్తే ఈల దానికి ముందు ఇంకో మాట తగిలించి జారిపోయేది. అలాగే ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చింది, పక్క సీట్లోవాళ్ళకి కూడా అనుమానం రాకుండా. ఆ రోజు వరసపెట్టి వచ్చేసరికి జారడానికి చోటు లేకపోయింది. ఆమె ఆ ‘బ’ దగ్గర ఇరుక్కుని ఉన్నంతసేపూ ఆమె లైన్ వెనక నిజమైన కాల్ ఒకటి వేచి ఉంది. గుండె పట్టుకుని పడిపోయిన ఒక పెద్దాయన. అంబులెన్స్ వెళ్ళేసరికి ఆయన లేడు.

ఇవాళ నాలుగింటికి అంబులెన్స్ ఆఫీసులో విచారణ. తప్పు ఈలదేనని తేలితే ఉద్యోగంతో పోదు, చావుకి కారణమైనందుకు పోలీసు కేసు. ఆ కాల్ కావాలని ఆమె మీద గురిపెట్టి చేసిందని నేను చూపించగలిగితే బయటపడుతుంది. ఆమె అన్నయ్య డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది అందుకే. గురిపెట్టాలంటే నోటిపేరూ ముడి అక్షరం రెండూ తెలియాలి. అవి ఉన్నది సంఘం జాబితాలో.

“మాస్టారూ, ఈ జాబితా బయటికెలా వెళ్ళింది?”

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక్కడ పెదవి దాటకుండానే దాటింది.

“ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి కదండీ. ఎవరిచ్చారు?”

“మే...” పెదాలు బిగుసుకున్నాయి. మెడ మీద నరం లేచింది. “మే... మే...”

ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఇక్కడ ఎవరి మాట వాళ్ళే పూర్తి చేసుకుంటారు. చదివాను. కాని ఆ పక్కనే గడియారం కూడా ఉంది, పదకొండు కావస్తోంది. నాది ముందే ఓపిక లేని ఒళ్ళు.

“మేనేజరా?” అన్నాను.

మాస్టారు నా వంక చూశారు. ఏదో అనబోయారు. కళ్ళు దించుకుని తల ఊపారు.

మేనేజర్ పక్క గదిలో కొత్తగా చేరినవాళ్ళ చేత అద్దాల ముందు మాటలు పలికిస్తున్నాడు. నడివయసు మనిషి, అతనికీ నత్తే. బయటికి పిలిచి అడగొచ్చు. కాని దొంగకి ఊపిరి తీసుకునే టైమివ్వకూడదని నా సిద్ధాంతం.

“సభ్యుల జాబితా ఎవరికిచ్చావు?” అన్నాను, గుమ్మంలోంచే, అందరూ వినేలా.

అతని ముఖం ఎర్రబడింది. “నే... నే...”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కంగారేమిటి? ఇచ్చావా, లేదా?”

“నే... నే...”

“నీ వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. ఇంకో ఆడపిల్ల జైలు గుమ్మంలో ఉంది.”

అద్దాల ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా తలెత్తలేదు. మేనేజర్ ఇంకొంచెంసేపు ప్రయత్నించాడు. తర్వాత నోరు మూసుకుని, జేబులోంచి ఆఫీసు తాళాల గుత్తి తీసి కిటికీ మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నిజాయితీగల మనిషైతే నాలుగు తిట్లు తిట్టి వెళ్ళేవాడు కదా అనుకున్నాను. అప్పటికి నాకు నా మీద చాలా గౌరవంగా ఉంది.

దొంగ దొరికాడు. ఇక సొమ్ము ఎవరికి చేరిందో చూడాలి.

కాల్ వచ్చిన నంబరు వాక్కు శిక్షణ కేంద్రం అనే సంస్థది. మందుల షాపు పైన మూడో అంతస్తు. తలుపు తీసే ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ, లోపల సీట్లన్నీ ఖాళీ. ఒక్క కుర్చీలో మాత్రం మనిషి ఉన్నాడు, కాలు మీద కాలు వేసుకుని.

“రా అక్కయ్యా, రా. నీకోసమే చూస్తున్నా.”

జిగురు. వాడి అసలు పేరు వాడి భార్య కూడా మర్చిపోయి ఉంటుంది. నాలాగే ప్రైవేటు డిటెక్టివ్, ఈసారి అంబులెన్స్ యాజమాన్యం తరఫున. తప్పంతా ఆపరేటర్ మీదికి నెట్టేస్తే యాజమాన్యానికి ఏ గొడవా ఉండదు. గొంతు పెంచడు, తిట్టినా నవ్వుతాడు, పట్టుకున్నది వదలడు.

“నువ్వెందుకొచ్చావు?”

“నువ్వెందుకొచ్చావో అందుకే. నంబర్లు వెతకడం నాకూ వచ్చు. అయినా ఎవరు చేస్తే ఏం, మీ పిల్లకి నోరు తిరగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు ఊరికే కాదు.”

“ఆ సామెత అర్థం అది కాదు.”

“నాకు పనికొచ్చే అర్థం అదే.”

వాణ్ణి వదిలేసి గది చూశాను. గోడలకి చప్పుడు బయటికి పోకుండా మెత్తటి స్పాంజి అతికించారు. వరసగా బల్లలు, బల్లకో ఫోను, ఫోను పక్కన చేతి అద్దం. ఫోన్‌లో అమ్మేవాళ్ళ చోట్ల ఇది మామూలే. నవ్వుతూ మాట్లాడితే గొంతులో నవ్వు వినిపిస్తుందని అద్దం పెడతారు. అన్ని అద్దాలూ కుర్చీల వైపు తిరిగి ఉన్నాయి. కిటికీ పక్క బల్ల మీది అద్దం ఒక్కటీ గోడ వైపు తిప్పి ఉంది. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి తమ ముఖం చూసుకోవాలని లేదు.

“ఈ సీటు ఎవరిది?” అన్నాను, అప్పుడే మంచినీళ్ళ బాటిల్‌తో లోపలికి వచ్చిన అమ్మాయితో.

“నాదేనండీ. భోజనాల టైము, మా సార్ లేరు.”

ఆ ఒక్క మాట చాలు. మెత్తగా, ఆప్యాయంగా, పొద్దుట్నుంచీ నా ఒళ్ళు మండిస్తున్న గొంతు.

“ఒకసారి ‘కంగారేం లేదు, నిదానంగా చెప్పండి’ అనమ్మా, విందాం.”

బాటిల్ చేతిలోంచి జారి నీళ్ళు నేలంతా పారాయి. పిల్ల తుడవడానికి కూడా వంగలేదు, అలాగే నీళ్ళలో నిలబడింది.

“పోలీసులా మేడమ్?”

“కాదు. నిజం చెబితే వాళ్ళకన్నా నేనే నయం. ఆ కాల్ ఎందుకు చేశావు?”

“మాకిచ్చిన పనే అది మేడమ్. ముందు వాళ్ళ అక్షరం తెలుసుకుని దాంతోనే మాట్లాడించాలి. పేరడగాలి, అడ్రసు చెప్పించాలి. ఇరుక్కుంటే టిక్కు పెట్టాలి. మర్నాడు ఇంకో అమ్మాయి ఫోన్ చేసి కోర్సు గురించి చెబుతుంది. ముందురోజు పడినవాళ్ళు మర్నాడు కాదనరని మా సార్ అంటారు.”

“ఎంతమందికి చేశారు? ఎవరూ గొడవ చెయ్యలేదా?”

“చాలామందికి. ఒక్కళ్ళూ అడగలేదు మేడమ్.”

ఎలా అడుగుతారు? తేలు కుట్టిన దొంగల్లా ఎవరికి వాళ్ళు తమ ఒక్కరికే అలా జరిగిందనుకుని సిగ్గుతో చచ్చి ఉంటారు. వారం వారం ఆ రెండు గదుల్లో పక్కపక్కనే కూర్చుని కూడా ఒకరితో ఒకరు అనుకోలేదు. ఈ సార్ ఎవరోగాని మనిషి సిగ్గుని బాగా చదివినవాడు.

“మరి ఎమర్జెన్సీ లైన్‌కి చేశావేం?”

“ఈల గారు సొంత ఫోన్ తియ్యరు. ఎన్నిసార్లు చేసినా తియ్యలేదు. అంబులెన్స్ లైన్లోనే కదా ఉద్యోగం, అక్కడైతే తియ్యక చస్తుందా అన్నారు సార్. ‘ఈల గారా’ అంటే ఎవరన్నవాళ్ళ ఫోన్ పెట్టేశాను. ఆవిడ తీసేదాకా చేశాను.”

“ఆ టైములో ఒకాయన పోయాడు.”

“పేపర్లో చూశాను మేడమ్.” అద్దం వైపు చూసి వెంటనే తల తిప్పుకుంది. “ఇంట్లో మా అమ్మ కూడా చదివింది. ఎవరో పాపిష్టిది అంది. నేను ఊఁ అన్నాను.”

నాకు జాలేసింది, కాని జాలికి టైము లేదు. “జాబితా మీకు మేనేజర్ ఎప్పుడు తెచ్చాడు?”

“మేనేజరెవరు మేడమ్? సంఘం పెద్దాయనే వచ్చారు. తెల్ల గడ్డం, లావు కళ్ళద్దాలు. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మాకొక్కళ్ళకే కాదు, కళ్ళ ఆస్పత్రికి, రక్తదానం వాళ్ళకి, ఇంకెవరికో కూడా ఇస్తున్నామన్నారు. మంచి పనులు చేసేవాళ్ళంతా తమవాళ్ళని కలవాలట. సభ్యులకి తెలుసా అని సార్ అడిగితే, ‘మేమే ఇస్తున్నాం, తీర్మానం చేశాం’ అన్నారు. ఆ ‘మేమే’ అనడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.” అమ్మాయి గొంతు తగ్గించింది. “మా సార్ ఆగారు మేడమ్. మధ్యలో మాట్లాడలేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది.

మేనేజర్ కాదు. మేమే. ఆ రెండక్షరాలకి నేను ఆగలేకపోయాను. ఇంతమంది సిగ్గుని అమ్ముకుని బతికే ఆ సారెవరో ఆగాడు. కిటికీ మీద తాళాల గుత్తి పెట్టి వెళ్ళిన మనిషి ముఖం గుర్తొచ్చింది. ‘నే... నే...’ అంటే ‘నేను కాదు’ అని. ఇంకేమంటాడు?

“తీర్మానమా!” జిగురు లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ వాడు ఉన్నాడన్న సంగతే మర్చిపోయాను. “బంగారంలాంటి మాట. అంటే దొంగతనం లేదన్నమాట. సంఘం ఒప్పుకుని ఇచ్చింది. సభ్యురాలు కనక మీ ఈల కూడా ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్న మనిషికి శిక్షణ కేంద్రం ఫోన్ చేసింది. అది దొంగ కాల్ ఎలా అవుతుంది అక్కయ్యా? ఆవిడ సొంత కాల్. ఎమర్జెన్సీ లైన్ మీద సొంత పని చూసుకుంటూ ఒక ప్రాణం తీసింది.”

“లేని అడ్రసు చెప్పారు! అదీ సొంత పనేనా?”

“శిక్షణలో భాగం అంటారు. ఏమ్మా, అంటారా, అనరా?”

అమ్మాయి వాడి వంకా నా వంకా చూసింది.

“చూశావా, మౌనం అర్ధాంగీకారం.” వాడు నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నేను సంఘానికి వచ్చేసరికి మాస్టారు అదే కుర్చీలో ఉన్నారు. పొద్దున పెట్టిన కాఫీ తాగకుండా అలాగే ఉంది. ముందు మేనేజర్ ఇంటికి ఫోన్ చేశాను. అతని భార్య తీసింది. వచ్చిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకున్నారు, మీరెవరు అంది. నేనెవరో చెప్పుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు. తర్వాత వస్తానని పెట్టేశాను.

మాస్టారి ఎదురుగా కూర్చున్నాను. గడియారం కనపడకుండా కుర్చీ పక్కకి జరుపుకున్నాను.

“జాబితా ఎవరిచ్చారు మాస్టారూ?”

ఈసారి ఆగాను. ఎంతసేపో నాకు తెలియదు. ఆయన కళ్ళు మూసుకున్నారు, బల్ల అంచు పట్టుకున్నారు.

“మే... మేమే... ఇచ్చాం.”

“పొద్దున మేనేజరా అంటే తల ఊపారు.”

“మీ మాట తే... తేలిగ్గా దొరికింది, అమ్మా. దాని వెనక దా... దాక్కున్నాను.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “చిన్నప్పట్నుంచీ అలవాటు. అవతలివాళ్ళు ఏ మాట అందిస్తే అదే నా మాట. అతను వద్దన్నాడు. వినలేదు. ఇవాళ అతన్నే...”

ఇద్దరం పక్క గది కిటికీ మీది తాళాల వంక చూడకుండా చూసుకున్నాం. తర్వాత ఆయన సర్వసభ్య సమావేశం సంగతి చెప్పారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. బయటి సంస్థలకి జాబితా ఇద్దామనుకుంటున్నాం అని చదివి వినిపించారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి అన్నారట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “నత్తి ఉన్నవాళ్ళ సంఘంలో, లేచి నోటితో చెప్పమన్నారా? చెయ్యెత్తితే చాలనకూడదా?”

“చెయ్యి... ఎత్తకూడదు, అమ్మా. మా నియమం. మాట్లాడటం కోసం పె... పెట్టుకున్న సంఘం. సైగలు వద్దు. పక్కదారి మాటలు కూడా వద్దు. అడ్డుపడ్డ మాటే అనాలి.”

తమ మేలుకోసం పెట్టుకున్న నియమం. అదే పీకకి చుట్టుకుంది.

“అయితే ఎవరూ లేవలేదు. ఏకగ్రీవం అని రాసుకున్నారు. అంతేనా?”

ఆయన జవాబు చెప్పలేదు. ఇది నత్తి కాదు. ఈ ఒక్కరోజులోనే నాకా తేడా తెలిసింది.

“ఎవరో లేచారు” అన్నాను.

“ఈల.”

“ఏం చెప్పబోయింది?”

“బయటివాళ్ళకి వద్దు, అని.” ఆ మాట ఆయన ఎక్కడా ఆగకుండా అన్నారు. “మొదటి అక్షరం దగ్గరే ఆగింది. నిలబడింది. హాలంతా చూస్తోంది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఏమంటుందో నాకు తె... తెలుసు. ఆ సిగ్గు నేను చూడలేకపోయాను. నాది నేను చూసుకున్నట్టుంది. ‘సరేనమ్మా, కూర్చో’ అన్నాను. కూర్చుంది.”

ఆయన ఏడవలేదు. ఏడిస్తే కొంచెం తేలిక పడేవారేమో.

ఇంతకన్నా ఏం కావాలి? ఈల ఒప్పుకోలేదు. వద్దనడానికి లేచింది. దానికి సభ సాక్షి, అధ్యక్షుడు సాక్షి. జిగురు కట్టుకున్న మేడ మొత్తం ఈ ఒక్క మాటతో కూలుతుంది.

“మాస్టారూ, ఇదే మాట విచారణలో చెప్పాలి. ఇప్పుడే.”

“నేనా? అంతమందిలో...”

“సాయంత్రం దాకా పట్టినా సరే. మధ్యలో ఎవడైనా మాట అందిస్తే వాడి సంగతి నేను చూస్తాను. ముందు నా నోరు నేను మూసుకుంటాను.”

ఆయన లేచారు. చొక్కా సర్దుకున్నారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి గోడ పట్టుకున్నారు. మూడు దాటి కొంచెం అయింది, ఆటో దొరికితే పావుగంట దారి. మెట్లు దిగుతుండగా నా ఫోన్ మోగింది. ఈల అన్నయ్య.

“వస్తున్నాం. సాక్షి దొరికాడు. నాలుగయ్యేలోపే...”

“అయిపోయింది మేడమ్.”

“ఏమిటి అయిపోయింది?”

“ఆ జిగురుగారు వచ్చి లోపల ఏదో చెప్పారు. వెంటనే మొదలుపెట్టేశారు. బయటివాళ్ళకి నీ వివరాలివ్వడానికి ఒప్పుకున్నావా అని అడిగారు చెల్లిని. అది చెప్పడానికి చూసింది మేడమ్. తలుపు సందులోంచి నాకు కనపడుతూనే ఉంది. ఎంతసేపు ప్రయత్నించిందో! అందరూ వాచీలు చూసుకుంటున్నారు. చివరికి ఆ జిగురుగారే జాలిపడి కాగితం దాని ముందుకి జరిపారు. నోటితో ఎందుకమ్మా శ్రమ, సంతకం పెట్టు చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. పెట్టేసింది.”

నేను మెట్ల మీదే ఆగిపోయాను. నా వెనక మాస్టారు కూడా ఆగారు.

“ఏముంది ఆ కాగితంలో?”

“ఒప్పుకునే ఇచ్చానని. ఆ కాల్ నా సొంత కాలేనని. పెద్దాయన చావుకి నాదే బాధ్యతని.”

“ఈల ఎక్కడుంది? ఫోన్ తనకివ్వు.”

“పోలీసులు తీసుకెళ్ళారు మేడమ్. నన్ను జీపు ఎక్కనివ్వలేదు.” అవతల ఆ అబ్బాయి ఊపిరి తీసుకోవడం వినిపించింది. “స్టేషన్లో ఇవాళే వాంగ్మూలం తీసుకుంటారట. దాని తరఫున ఎవరూ మాట్లాడకూడదట. అంతా తన నోటితోనే చెప్పాలన్నారు.”